ఉల్లిపొర రంగుకు తక్కువ కాని పక్షి

డాక్టర్ పెంచల వనజ తన నివేదికలో చేసిన తప్పల్లా ఒకటే. అసలు సంగతిని చివరి పేజీలో రాసింది. ప్రభుత్వానికి పోయే కాగితాల్లో చివరి పేజీ ఉండేది దారం కుట్టుకోవడానికే తప్ప చదవడానికి కాదని ఆమెకు అప్పటికింకా తెలియదు. జీవరసాయన శాస్త్రంలో డాక్టరేటు చేసిన మనిషే గాని, పాపం, ఆఫీసు శాస్త్రంలో ఓనమాలు కూడా దిద్దుకోలేదు.

నెల్లూరు సీమలో సముద్రానికీ పొలాలకీ నడుమ తెల్లదిబ్బ సరస్సు ఉంది. ఉప్పునీటి సరస్సు. ఏటా చలికాలం అక్కడికి రాజహంసలు వస్తాయి. రాజహంసలంటే పాలనూ నీళ్ళనూ వేరుచేసే కావ్యాల హంసలు కావు. పొడుగు కాళ్ళు, వంకర ముక్కు, రెక్కల కింద ఎరుపు ఉండే ఫ్లెమింగోలు. చూడవచ్చే జనానికి నోరు తిరగదని ప్రభుత్వం వారు వాటికి రాజహంసలని నామకరణం చేశారు. పక్షుల వైపు నుంచి అభ్యంతరాలేవీ అందలేదు.

ఈ పక్షుల బాగోగులు చూడటానికి 'రాజహంసల సంరక్షణ, సుందరీకరణ ప్రాధికార సంస్థ' ఒకటి వెలిసింది. సరస్సు కట్ట మీద దానికొక ఆఫీసు, ఆ ఆఫీసు వెనక ఒక చిన్న ప్రయోగశాల, ఆ ప్రయోగశాలలో ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించుకుంటూ వనజ. ఆమె పని రాలిన ఈకలను ఏరుకొచ్చి, ద్రావణంలో నానబెట్టి, వాటిలో రంగెంత ఉందో యంత్రంలో చూడటం. ఆ రంగు పక్షి సొంతం కాదు. ఉప్పునీటిలో పెరిగే నాచులోనూ, కంటికి ఆనని చిన్న చిన్న రొయ్యల్లోనూ ఉంటుంది. పక్షి వాటిని తింటే కాలేయం దాన్ని మార్చి ఈకకు పంపిస్తుంది. కాబట్టి ఈక వెలిసిందంటే పక్షికి జబ్బు చేసిందని కాదు, సరస్సుకు ఆకలేస్తోందని.

వనజ చూసిన ఈకలు ఏటికేడు వెలిసిపోతున్నాయి. కారణం వెతుక్కుంటూ పోతే సముద్రం దగ్గర తేలింది. సరస్సులోకి సముద్రపు నీళ్ళొచ్చే ముఖద్వారం ఇసుకతో పూడిపోయింది. ఉప్పు తగ్గింది, నాచు తగ్గింది, రొయ్య తగ్గింది. పక్షి నోటికి రాని రొయ్య ఒడ్డునున్న కుప్పం, అంటే జాలరిపల్లె, వలకూ రావడం లేదు. పాతకుప్పంలో ఇప్పటికే చాలా ఇళ్ళకు తాళాలు పడ్డాయి. మగవాళ్ళు చెన్నై రేవులో మూటలు మోయడానికి పోతున్నారు. ఇసుక తీయించండి, అంతే చాలు, అని వనజ రాసింది. చివరి పేజీలో రాసింది.

డైరెక్టరు కోదండపాణి గారు మొదటి పేజీ చదివి సమావేశం పిలిచారు. ఆయన భారీ మనిషి. మాటలు అంతకంటే భారీ. తాంబూలం అడిగినా అందులో ఆవశ్యకత ఒకటి ఉండేది.

"రాజహంసల వర్ణక్షీణత పట్ల ఈ సంస్థ తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తున్నది," అన్నారు ఆయన. "సమగ్ర దృక్పథంతో, కాలబద్ధ ప్రణాళికతో ముందుకు పోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది."

"ముఖద్వారం తెరిస్తే రంగు దానంతటదే వస్తుంది సార్," అంది వనజ.

"ముఖద్వారం మన పరిధిలోనిది కాదమ్మా. నీరు ఒక శాఖ, ఇసుక ఒక శాఖ, అలలు కేంద్రం. మనది ఈక."

"ఈకకు రంగు నీళ్ళ నుంచే వస్తుంది కద సార్."

"అది ప్రకృతి పరిధి. మనం పాలనా పరిధిలో మాట్లాడుకుంటున్నాం."

పోనీ కుప్పం వాళ్ళే తవ్వుకుంటారా అంటే, రక్షిత ప్రాంతంలో దోసెడు మట్టి కదిలించినా నేరమే. కిందటేడు కుప్పానికి పెద్ద, అక్కడి మాటలో కాపు, ఆర్ముగం నలుగురిని వెంటేసుకుని పారలతో వెళ్ళాడు. ఆ నలుగురితో కలిసి కేసులో ఇరుక్కున్నాడు. కోర్టు వాయిదాలకు తిరగడంతోనే అతనికి ఒక సీజను గడిచిపోయింది.

సమావేశం ముగిసేలోగా ఒక మంచి నిర్ణయం మాత్రం జరిగింది. రంగు తగ్గిందంటే, ఎంత ఉండవలసిన చోట ఎంత ఉందో తెలియాలి. అందుకు ప్రమాణం కావాలి. వనజ తన యంత్రం లెక్కలు చూపించబోయింది. కోదండపాణి గారు వాటిని పక్కకు జరిపారు. సామాన్య పౌరుడికి అర్థమయ్యే ప్రమాణం కావాలన్నారు. సామాన్య పౌరుడు ఎలాగూ సమావేశంలో లేడు కాబట్టి అతని తరఫున కూడా ఆయనే అర్థం చేసుకున్నారు.

అలా సంస్థకు వర్ణ సలహాదారుగా చెంగల్రాయుడు వచ్చాడు. ఊళ్ళో పేరున్న చీరల కొట్టు యజమాని. డైరెక్టరు గారి ఇంట్లో పెళ్ళికి చీరలన్నీ అతని కొట్లోనే తీశారు. చెంగల్రాయుడు చెడ్డవాడేమీ కాదు. పక్షుల గురించి ఏమీ తెలియదని మొదటి రోజే చేతులు జోడించి చెప్పుకున్నాడు. ఆ వినయం చూసి కోదండపాణి గారు అక్కడికక్కడే అతనికి గుర్తింపు కార్డు ఇప్పించారు.

చెంగల్రాయుడు తన కొట్లోంచి గుడ్డముక్కలు కుట్టిన పుస్తకం తెచ్చి బల్ల మీద పరిచాడు. మీగడ రంగు, గంధం రంగు, ఉల్లిపొర, తామర, కనకాంబరం, చివర రాణి రంగు.

"మన వైపు ఆడవాళ్ళు ఉల్లిపొర దగ్గర్నుంచి గులాబీ కిందే లెక్కేస్తారండయ్యా," అన్నాడు. "అంతకంటే తక్కువైతే, వెలిసిపోయిందయ్యా, ఇంకోటి చూపించు అంటారు."

"శాస్త్రీయంగా ఉంది," అన్నారు కోదండపాణి గారు.

మరునాటికల్లా ఉత్తర్వు వచ్చింది. 'రాజహంస అనగా పొడవైన కాళ్ళు, వంగిన ముక్కు కలిగి, శరీరవర్ణము ఉల్లిపొర రంగుకు తక్కువ కానట్టి పక్షి' అని అందులో నిర్వచించారు. ఆ రంగుకు తక్కువైన వాటిని ఏమనాలన్నది కొంతసేపు చర్చకు వచ్చింది. 'నిర్ధారణ కాని కొంగ' అని స్థిరపరిచారు.

వనజ కాగితం పట్టుకుని పరుగున వెళ్ళింది. "సార్, పిల్ల ఫ్లెమింగోలు రెండు మూడేళ్ళ దాకా బూడిద రంగులోనే ఉంటాయి. ఈ లెక్కన తల్లి రాజహంస, పిల్ల కొంగ."

కోదండపాణి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "యోగ్యత సంపాదించుకునే దాకా ఎవరైనా ప్రొబేషనులో ఉండవలసిందే కదమ్మా. నేను ఏడేళ్ళున్నాను."

"పెద్దవి కూడా, నిలబడ్డప్పుడు తెల్లగానే కనిపిస్తాయి సార్. ఎగిరినప్పుడే రెక్కల కింద ఎరుపు తెలిసేది."

"అట్లయితే గణన సమయంలో ఎగురుతూ ఉండవలసిందిగా ఏర్పాటు చేద్దాం," అన్నారాయన.

ఆ ఏర్పాటు టపాకాయలతో చేశారు. మొదటి టపాకాయకు పక్షులు ఎగిరాయి. గుడ్డముక్కల పుస్తకం తెరిచి సరిచూసేలోగా సరస్సు దాటి అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయాయి. ఆ రోజు పర్యవేక్షణకు వచ్చిన ఉన్నతాధికారి ఒక చెవి మూసుకునే తిరిగి వెళ్ళారు.

నిర్వచనం స్థిరపడ్డాక పక్షులను నిర్వచనం దాకా తీసుకురావడం సంస్థ కర్తవ్యమైంది. రొయ్యల చెరువుల రైతులు మేతలో కలిపే రంగు పొడి ఒకటుంది. అది తిన్న రొయ్య ఎర్రగా ఉంటుంది, ఎర్రగా ఉన్న రొయ్యను విదేశాల వాళ్ళు ఇష్టంగా కొంటారు. బస్తాలకు బస్తాలు అది తెప్పించారు. సరస్సు నడుమ పెట్టడానికి పడవ మంజూరు కాలేదు గనక కట్ట పొడుగునా సిమెంటు తొట్లు కట్టి అందులో పోయించారు. తొట్ల అంచు నడుమెత్తు ఉండేట్టు ఇంజనీరు గారు గీశారు. రాజవంశపు పక్షి వంగి తినడం హుందాగా ఉండదని ఆయన అభిప్రాయం.

ఫ్లెమింగో తల తలకిందులుగా బురదలో పెట్టి, నీళ్ళను ముక్కుతో వడబోసుకుని తింటుంది. పొడి పోసిన సిమెంటు తొట్టి అది జన్మలో చూసి ఎరగదు. ఒక్కటంటే ఒక్కటి కట్ట ఛాయలకు రాలేదు. కుప్పం కోళ్ళు మాత్రం మొదటి పూటే వచ్చి, తొట్టి అంచుల మీద బారులు తీరి, శుభ్రంగా తినిపోయాయి.

వారం తిరిగేసరికి కుప్పంలో ఏ గుడ్డు పగలగొట్టినా సొన కుంకుమలా ఎర్రగా ఉంది. ముసలివాళ్ళు భయపడి అమ్మవారికి పొంగళ్ళు పెట్టారు. చెన్నై నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు దాన్ని 'సరస్సు గుడ్డు' అని పేరు పెట్టి కొనుక్కుపోయాడు. అతిథి గృహంలో కోదండపాణి గారి పళ్ళెంలోకి ఎర్రటి ఆమ్లెట్ వచ్చిన రోజున ఆయన చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నారు.

"ఇది ఏ రంగంటావు?" అని పక్కనున్న చెంగల్రాయుణ్ణి అడిగారు.

చెంగల్రాయుడు పుస్తకం తీసి పళ్ళెం పక్కన పెట్టి చూశాడు. "కనకాంబరమండయ్యా. తేడా లేదు."

ఆ నెల ప్రగతి నివేదికలో ఇలా రాశారు: 'వర్ణ సరఫరా ప్రక్రియ సంపూర్ణ విజయం సాధించినది. లబ్ధిదారుల గుర్తింపులో స్వల్ప సవరణ అవసరమగుచున్నది.'

వనజ ఆ వాక్యం చదివి నవ్వింది. నవ్వు ఆగాక తల పట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి చూస్తే సరస్సు మీద వేలకొద్దీ పక్షులు, వెలిసిన చీరలు ఆరేసినట్టు నిలబడి ఉన్నాయి. ఇంకో రెండేళ్ళు ఇలాగే ఆకలితో వస్తే మూడో ఏడు రావు. కుప్పంలో మిగిలిన ఇళ్ళకూ తాళాలు పడతాయి. తన చదువంతా ఈ రెండు ముక్కలు చెప్పడానికే పనికొచ్చింది. ఆ రెండు ముక్కలూ దారం కింద పోయాయి. ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం కాబట్టి కాసేపు ద్రావణం సీసాలను గట్టిగా చప్పుడు చేస్తూ సర్దింది.

వార్షిక గణన జరిగింది. చెంగల్రాయుడు దుర్భిణి కళ్ళకు పెట్టుకుని, గుడ్డముక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కట్ట మీద కుర్చీలో కూర్చుని పొద్దుగూకే దాకా చూశాడు. నిక్కచ్చి మనిషి. కొట్లో ఎంత పెద్ద బేరమైనా రంగు విషయంలో అబద్ధమాడడని పేరు. ఉల్లిపొర దాకా వచ్చిన పక్షి ఒక్కటీ లేదని తేల్చాడు. మీగడ రంగువి బోలెడు, గంధం రంగువి కొన్ని.

ఆ లెక్క ప్రకారం తెల్లదిబ్బ సరస్సులో రాజహంసల సంఖ్య సున్నా.

ఇది విని కోదండపాణి గారు హతాశులవుతారని వనజ అనుకుంది. తీరా వెళితే ఆయన ముఖం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. బల్ల మీద ఒక నిబంధనల పుస్తకం తెరిచి ఉంది.

"కూర్చోమ్మా. సున్నా అనేది చాలా అరుదైన అవకాశం," అన్నారాయన. "పక్షులు తగ్గితే మనకు చీవాట్లు. పక్షులు అసలే లేకపోతే మనకు పునఃప్రవేశ పథకం. అంటే విదేశాల్లో రాజహంసలు ఏ విధంగా ఉన్నవో స్వయంగా పరిశీలించి, వాటిని ఇక్కడ పునఃప్రతిష్ఠించుట. పరిశీలన బృందానికి నాయకత్వం వహించవలసిన బాధ్యత నాపై ఎంతైనా ఉంది. శాస్త్రవేత్త ధ్రువీకరణ ఒక్కటే తక్కువ. ఇక్కడ సంతకం చెయ్యి."

వనజ కాగితం చూసింది. 'ఈ సీజనులో తెల్లదిబ్బ సరస్సు నందు రాజహంస ఒక్కటియు లేదని ధ్రువీకరించడమైనది.'

"సార్, ఒకసారి కిటికీలోంచి చూడండి."

ఆయన లేచి, ఓపిగ్గా కిటికీ దాకా నడిచి, చూశారు. "కనిపిస్తున్నవి. నిర్ధారణ కాని కొంగలు."

"నేను పెట్టను సార్."

"తొందరపడకు. నిబంధన పూర్తిగా చదివి చెప్తాను. ఏ సీజనులో రక్షిత పక్షి ఒక్కటీ లేదని ధ్రువపడునో, మరుసటి సీజను వరకు రక్షిత ప్రాంతపు ఆంక్షలన్నీ నిలిపివేయబడును. కాపలా సిబ్బంది ఉపసంహరించబడును. ప్రయోగశాల మూసివేయబడును." చివరి మాట దగ్గర ఆయన గొంతు కొంచెం మెత్తబడింది. మనిషి దుర్మార్గుడు కాడు. "పక్షి లేని చోట ఈక ఉండదు, ఈక లేని చోట నువ్వుండవు. ఇది నిబంధన కాదు, తర్కం. అయినా నీకు మంచి యోగ్యతాపత్రం ఇప్పిస్తాను."

ఆంక్షలన్నీ నిలిపివేయబడును అన్న మాట దగ్గరే వనజ ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన చెప్పింది ఆమె చెవికి ఎక్కలేదు. రేపటి దాకా గడువు అడిగి బయటికి వచ్చింది.

నేరుగా పాతకుప్పం వెళ్ళింది. ఆర్ముగం ఇంటి ముందు చిరుగుల వల వేసుకుని కుడుతున్నాడు. పనిలేని వల కుట్టడం ఎవరికైనా చికాకే, అతనికి మరీ.

"ఏందమ్మా, మళ్ళా కోళ్ళకి పొడి తెచ్చినావా?" అన్నాడు తలెత్తకుండా.

"కాపూ, ఒక మాట అడగాలి. ముఖద్వారం తవ్వాలంటే మీకెన్నాళ్ళు పడుతుంది?"

"మనుషులుంటే పది దినాలు. అడ్డమొచ్చే నా కొడుకు లేకుంటే."

"అడ్డం ఎవరూ రారు. నేనొక కాగితం మీద సంతకం పెడితే వచ్చే సీజను దాకా ఈ సరస్సు రక్షిత ప్రాంతం కాదు."

ఆర్ముగం సూది ఆపాడు. "మరి పెట్టకుండా ఈడికెందుకొచ్చినావు?"

"ఈ సరస్సులో ఒక్క పక్షి కూడా లేదని రాయాలి. నా పేరు కింద."

అతను సరస్సు వైపు చూశాడు. పక్షుల గోల ఇంటి దాకా వినిపిస్తోంది. "ఆటికి సదువొస్తాదా?"

"రాదు."

"ఆ కాయితం చూసి యాడికన్నా పోతాయా?"

"పోవు. నా ఉద్యోగం పోతుంది. అది పోతే పోయింది కాపూ. పదేళ్ళు చదివింది ఉన్నది ఉన్నట్టు రాయడానికే. లేనిది ఉందని రాసేవాళ్ళను చూశాను. ఇన్ని వేలు కళ్ళెదుట పెట్టుకుని లేవని ఎట్లా రాసేది?"

ఆర్ముగం నాలుగు ముళ్ళు వేశాడు. తర్వాత అన్నాడు. "నామీద కేసు రాసినప్పుడు ఇసక దొంగ అని రాసినారు. యాబై ఏండ్లు ఈ నీళ్ళల్లో వలేసినోణ్ణి. కోర్టులో ఆ మాట సదివితే నా కోడలు ముందర తలకాయ ఎత్తలా నేను. దొంగనయినానా? కాలా. కాయితంలో ఒకటుంటాది, నీళ్ళల్లో ఒకటుంటాది. నీకు కాయితం గావాల్నో నీళ్ళు గావాల్నో నువ్వే జెప్పుకో. నేనయితే సెప్పను."

వనజకు ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాయడం సులువే. పట్టింది. బాగా పట్టింది. తెల్లారి లేచి తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని ఆఫీసుకు పోయి, ఆ కాగితం కింద పూర్తి పేరుతో సంతకం పెట్టింది. సంతకం పెట్టాక మాత్రం ఎవరో చనిపోయినట్టు దిగులు పుట్టింది. చాలా రోజులు పోలేదు.

కాగితం రాజధానికి చేరింది. కాపలా వాళ్ళు కర్రలు అప్పగించి వెళ్ళిపోయారు. ప్రయోగశాలకు తాళం పడింది. కోదండపాణి గారు పరిశీలన బృందంతో విమానమెక్కారు. బృందంలో వర్ణ సలహాదారు హోదాలో చెంగల్రాయుడు కూడా ఉన్నాడు. అక్కడ చీరలు దొరకవని తెలిసి అతను కొంత నిరుత్సాహపడ్డాడని తర్వాత విన్నాం.

ఇక్కడ ఆర్ముగం దురాయి వేశాడు. జాలరి కుప్పాల్లో కాపు పెట్టే కట్టడిని దురాయి అంటారు. అది వేశాక కాదనే ఇల్లుండదు. ఇంటికొక మనిషి, మనిషికొక పార, ముఖద్వారం తెగే దాకా ఎవరూ వల ముట్టకూడదు. చెన్నై రేవుకు పోయిన వాళ్ళకు కబురు వెళితే వాళ్ళూ దిగారు. మగవాళ్ళు తవ్వారు, ఆడవాళ్ళు తట్టలెత్తారు. మా ఇంటి వాటా ఎక్కువైందని, మీ ఇంటి వాటా తక్కువైందని రోజూ పెద్ద తగాదా. అయినా పని ఆగలేదు. వనజ కూడా రెండు రోజులు తట్ట మోసింది. మూడో రోజు ఆడవాళ్ళే ఆమెను గట్టున కూర్చోబెట్టారు, అడుగడుక్కీ ఆగి బురదలో ఏముందో చూస్తూ దారికి అడ్డం పడుతోందని.

పదో రోజు కాదు, పద్నాలుగో రోజు ఉదయం, పోటు మీద సముద్రం సరస్సులోకి వచ్చింది. ముందు పిల్లకాలువలా వచ్చి, తర్వాత గట్లను తనే కోసుకుంటూ, నురగతో, పాచి వాసనతో. ఆర్ముగం నడుము లోతు నీళ్ళలో నిలబడి దోసెడు తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మాడు. ఉప్పగా ఉన్నాయన్నాడు. వనజ ఏడ్చింది. ఎవరూ ఎందుకని అడగలేదు.

తెలుగు దేశంలో ఇసుక తీసినంత మాత్రాన అన్నీ బాగుపడవు గాని, ఇది మాత్రం బాగుపడింది. ఆ వేసవికే వలల్లో రొయ్య కనిపించింది. తాళాలు పడిన ఇళ్ళలో కొన్ని తెరుచుకున్నాయి. పక్షులు వాటి దారిన అవి వెళ్ళి, చలికాలం తిరిగి వచ్చి, మూతులు బురదలో పెట్టి ఆబగా తిన్నాయి. లెక్కపెట్టేవాళ్ళు విదేశాల్లో ఉన్నారు గనక ఆ ఏడు గణన జరగలేదు, పాత సున్నాయే కొనసాగింది. ఈకలు రాలి కొత్త ఈకలు వచ్చే కాలానికి వాటిలో రంగు దిగింది. ఆ మరుసటి చలికాలం సరస్సు మీద గుంపు లేచిందంటే, పొలాల్లో పనిచేసుకునే వాళ్ళు కొడవళ్ళు వదిలి నిలబడి చూసేవాళ్ళు.

కోదండపాణి గారు కూడా చూశారు. అప్పటికి ఆయన ఆరు దేశాలు పరిశీలించి వచ్చి, నివేదిక రాస్తున్నారు. చెంగల్రాయుడు కట్ట మీద కుర్చీ వేసుకుని లెక్కపెట్టి, తామర దగ్గర్నుంచి రాణి రంగు దాకా ఉన్నాయని, ఇంత నాణ్యమైన సరుకు తన జన్మలో చూడలేదని చెప్పాడు. నిర్వచనం ప్రకారం అవన్నీ రాజహంసలే. సున్నా నుంచి పాతిక వేలకు ఒక్క అంగలో చేరిన రక్షిత ప్రాంతం దేశంలో ఇంకొకటి లేదు. పునఃప్రవేశ పథకం ఘనవిజయమని పత్రికల్లో వచ్చింది. ఆంక్షలు మళ్ళీ అమలయ్యాయి, కాపలా వాళ్ళు కర్రలు తీసుకున్నారు, ప్రయోగశాల తాళం తీశారు. దానికొక శాస్త్రవేత్త కావాలని ప్రకటన పడింది. ఈసారి పర్మనెంటు ఉద్యోగం.

'జీవరసాయన శాస్త్రంలో డాక్టరేటు. తెల్లదిబ్బ సరస్సులోని రాజహంసలపై పనిచేసిన అనుభవం తప్పనిసరి.'

వనజ అప్పటికి నెల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతోంది. ప్రకటన చదివి, ఈ ఉద్యోగానికి దేశం మొత్తం మీద తను తప్ప ఇంకొకరు సరిపోరని లెక్కవేసుకుంది. ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఆశపడింది. ప్రయోగశాల కిటికీకి ఏ రంగు తెర వేయాలో కూడా ఆలోచించుకుంది.

ఇంటర్వ్యూ బోర్డుకు కోదండపాణి గారే అధ్యక్షులు. ఆయన పక్కన చెంగల్రాయుడు, అతని పక్కన ఇద్దరు కొత్తవాళ్ళు. గదికి కొత్తగా ఏసీ పెట్టించారు. బయట పక్షుల గోల వినపడకుండా కిటికీలు బిగించారు.

"నిన్ను చూడటం ఎంతో సంతోషం," అన్నారు కోదండపాణి గారు. నిజంగానే సంతోషించారు. "నీ విద్యార్హతలు నిర్వివాదం. కాని ఒక సాంకేతికమైన చిక్కు వచ్చింది. ఈ సరస్సులోని రాజహంసలపై అనుభవం అని అడిగాం. నువ్వు పనిచేసిన కాలంలో ఈ సరస్సులో రాజహంసలు లేవు."

వనజకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఎందుకు లేవు సార్? నాలుగేళ్ళ పాటు ఆ ఈకలే కదా నేను చూసింది."

ఆయన కాగితం ఒకటి ఆమె ముందుకు జరిపారు. "ఈ ధ్రువీకరణ ఆ విధంగా చెప్పడం లేదు. సంతకం నీదేనా?"

"నాదే సార్."

"ఆ ఒక్క సీజనుకే కదండీ," అన్నాడు చెంగల్రాయుడు, పాపం, సాయం చేయబోయి.

"నిర్వచనం వెనకటి తేదీ నుంచి వర్తిస్తుంది చెంగల్రాయుడూ. ఆమె కాలంలో సేకరించిన ఈకలన్నీ మనం బోర్డు తరఫున సరిచూశాం. ఒక్కటీ ఉల్లిపొరకు రాలేదు. అంటే అనుభవమంతా కొంగల మీద." ఆయన వనజ వైపు తిరిగారు. గొంతులో గౌరవం ఉంది. "ఉద్యోగం పోతుందని తెలిసి కూడా నిజం మీద సంతకం పెట్టావు. నీ నిజాయితీని ఈ బోర్డు రికార్డుపూర్వకంగా అభినందిస్తున్నది."

వనజ నోరు తెరిచి ఏదో చెప్పబోయింది. మీరే కదా పెట్టమన్నారు అందామనుకుంది. పక్షులు బతికింది మీ విమానాల వల్ల కాదు, పార పట్టిన వాళ్ళ వల్ల అందామనుకుంది. అలా అంటే ముఖద్వారం ఎవరు తవ్వారన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వస్తే వెనకటి తేదీ నుంచి వర్తించే నిబంధన ఇంకొకటి పుడుతుంది, రేపే పాతకుప్పం మీద ఇంటికొక కేసు. నోరు మూసుకుని నమస్కారం పెట్టి లేచింది.

బయటికి వచ్చి నెల్లూరు బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కట్ట మీద పోతుండగా సరస్సు మీద నుంచి గుంపు ఒక్కసారిగా లేచింది. ఆకాశం సగం దాకా ఎర్రబడింది. డ్రైవరు బస్సు ఆపేశాడు. జనమంతా ఒకవైపుకు ఒరిగారు. ఎవరో పసిబిడ్డను భుజాలకెత్తుకున్నారు. వనజ కిటికీ ఊచలు పట్టుకుని చూసింది. దుఃఖం ఉంది, లేదనడానికి లేదు. దాని మీద అంతకంటే పెద్దగా, పట్టలేని సంతోషం ఉంది.

టికెట్లు కొట్టే కండక్టరు ఆమె సీటు దగ్గర ఆగి కిటికీలోంచి తొంగి చూశాడు. "ఇంతకు ముందు ఈడ ఒక్కటి కూడా లేదంట మేడం. గవర్నమెంటోళ్ళు యాడ్నించో ఇమానంలో తెచ్చి ఇడిసినారంట. మీరెప్పుడన్నా చూసుండారా వీటిని?"

"చూశాను," అంది వనజ. "ఇంత ఎర్రగా ఎప్పుడూ చూడలేదు."